‘ద వైట్ క్రో’ సినిమా: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఊళ్లో నెలకోసారి పదిహేను, ఇరవై మందిమి ఒకచోట చేరి సినిమా చూస్తాం. ‘ద వైట్ క్రో’ ఇప్పటికి మూడుసార్లు వేశాం. మూడుసార్లూ మనుషులు మారారు గానీ సందేహాలు మారలేదు. ఫోన్ చేసి అడిగేవాళ్లూ అవే అడుగుతున్నారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు. ఏం జరిగిందో 1961లోనే లోకమంతా పేపర్లలో చదివేసింది కాబట్టి ముగింపు దాచలేదు.

## చూసే ముందు

ఇది ఎవరి కథ? నిజంగా జరిగిందేనా?

రుడాల్ఫ్ నురేయెవ్ కథ. సోవియట్ యూనియన్‌లోని ఉఫా అనే ఊళ్లో పెరిగిన తాతార్ జాతి కుటుంబం పిల్లాడు. లెనిన్‌గ్రాడ్‌లో (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) బాలే అనే యూరప్ శాస్త్రీయ నాట్యం నేర్చుకుని, అక్కడి కిరోవ్ బృందంతో ప్యారిస్ వెళ్లి, 1961 జూన్ 16న విమానాశ్రయంలో ఫ్రాన్స్ పోలీసుల ఆశ్రయం కోరాడు. అప్పటికి అతనికి 23 ఏళ్లు. సినిమా ఆ రోజుతో ఆగిపోతుంది. జూలీ కావనా రాసిన జీవితచరిత్ర ఆధారంగా డేవిడ్ హేర్ స్క్రీన్‌ప్లే రాశాడు, నటుడు రాల్ఫ్ ఫైన్స్ దర్శకత్వం వహించాడు. 2018లో పూర్తయింది, బ్రిటన్‌లో 2019 మార్చిలో విడుదలైంది. సంభాషణలు, కొన్ని సన్నివేశాలు కల్పించినవే గానీ ముఖ్యమైన సంఘటనలు, మనుషులు నిజం.

వైట్ క్రో అంటే తెల్ల కాకా? సినిమాలో కాకి ఎక్కడా కనబడలేదే?

కనబడదు. మనం తెల్ల కాకి అంటే లోకంలో లేని వింత అనే అర్థంలో అంటాం. రష్యన్‌లో అది మనిషికి పెట్టే పేరు. పదిమందిలో కలవనివాడు, గుంపులో ఉన్నా విడిగా కనబడేవాడు. చిన్నప్పుడు తోటిపిల్లలు నురేయెవ్‌ని అలా పిలిచేవారు. మెచ్చుకోలు కాదు, ఎగతాళే. సినిమా మొదట్లోనే ఆ మాటకు అర్థం తెర మీద వేస్తారు. మా వాళ్లలో సగం మంది ఆ సమయానికి ఇంకా కుర్చీలు సర్దుకుంటూ ఉంటారు, అందుకే ఈ ప్రశ్న తప్పదు.

నాకు బాలే గురించి ఓనమాలు కూడా తెలీదు. అర్థమవుతుందా?

అవుతుంది. నాట్యం తెరమీద ఉండేది కూడా మీరు భయపడినంత సేపు కాదు. రెండోసారి వేసినప్పుడు ఒక కూచిపూడి టీచరమ్మ వచ్చారు. తరగతి సన్నివేశం రాగానే పిల్లల పాదాలు పక్కలకి తిప్పి ఉండటం చూసి, “అరమండిలాగే మొదలుపెట్టి, పైకి లేచిపోతున్నారు” అన్నారు. అంతకంటే బాగా నేను చెప్పలేను. కూచిపూడివాళ్లూ, బాలేవాళ్లూ ఇద్దరూ తుంటి దగ్గర్నుంచి కాళ్లు పక్కలకి తిప్పుతారు, మోకాళ్లు పక్కలకే వంచుతారు. మనవాళ్లు అక్కడే కూర్చుని నేలను కొడతారు, వాళ్లు అక్కణ్ణుంచి నేలను వదిలేస్తారు. ఇది గుర్తుంటే చాలు.

ఏ భాషలో ఉంది? నిడివి ఎంత?

127 నిమిషాలు. రష్యన్లు తమలో తాము రష్యన్‌లోనే మాట్లాడుకుంటారు. ప్యారిస్‌లో ఇంగ్లిషు, మధ్యమధ్యలో ఫ్రెంచి. సబ్‌టైటిల్స్ లేకుండా కుదరదు. రాల్ఫ్ ఫైన్స్ ఇంగ్లిషువాడైనా తన పాత్రకు రష్యన్‌లోనే మాట్లాడాడు. రష్యన్ల చేత యాసతో ఇంగ్లిషు మాట్లాడించే పాత అలవాటుకి పోనందుకు నాకైతే గౌరవం కలిగింది.

పిల్లలతో కలిసి చూడొచ్చా?

నాట్యం నేర్చుకునే పిల్లల్ని తీసుకొస్తామని చాలామంది అడుగుతారు. నగ్న దృశ్యాలు, పడగ్గది సన్నివేశాలు ఉన్నాయి. అమెరికాలో ఆర్ సర్టిఫికెట్ ఇచ్చారు, అంటే పదిహేడేళ్లలోపు వాళ్లు పెద్దవాళ్ల తోడు లేకుండా చూడకూడదని. హైస్కూలు దాటని పిల్లలకు వద్దనే నా మాట.

## చూస్తున్నప్పుడు

కథ ముందుకీ వెనక్కీ దూకుతోంది. ఎక్కడున్నామో ఎలా తెలుసుకోవాలి?

మూడు కాలాలు కలిపి అల్లారు. ఉఫాలో బాల్యం, లెనిన్‌గ్రాడ్‌లో చదువు, 1961లో ప్యారిస్. గుర్తు పట్టడానికి రంగు చూడండి. బాల్యంలో రంగు దాదాపు పీల్చేసినట్టు ఉంటుంది. మంచు, గోధుమ రంగు చెక్క, చీకటి, అంతే. లెనిన్‌గ్రాడ్‌లో గదులు, తరగతి, అద్దాలు. ప్యారిస్‌లో వీధులు, షాపులు, రాత్రి దీపాలు. సినిమాని సూపర్ 16 అనే సన్న ఫిల్ముమీద తీశారు కాబట్టి బొమ్మలో సన్నటి గరుకు కనబడుతుంది. మీ టీవీ చెడిపోలేదు. మొదటి అరగంట ఓపిక పడితే తర్వాత దానంతటదే తెలుస్తుంది. అయితే బాల్యం సన్నివేశాలు కొన్ని సరిగ్గా కథ వేడెక్కిన చోట వచ్చి పానకంలో పుడకలా అడ్డుపడతాయి. అది మీ తప్పు కాదు.

గురువుగారు పుష్కిన్ అంటే ఆ కవి పుష్కినేనా?

కాదు. కవి అలెగ్జాండర్ సెర్గేయెవిచ్ పుష్కిన్ 1837లోనే చనిపోయాడు. ఈయన అలెగ్జాండర్ ఇవానోవిచ్ పుష్కిన్, బాలే గురువు, 1907లో పుట్టి 1970లో పోయారు. అరవని గురువు. మాట తక్కువ, ఓపిక ఎక్కువ. దెబ్బ తగిలి కదలలేని శిష్యుణ్ణి తీసుకెళ్లి తన చిన్న ఇంట్లోనే పెట్టుకున్నారు. ఆ పాత్ర వేసింది దర్శకుడు ఫైన్సే. నురేయెవ్ తర్వాత ఈయన దగ్గరే చదువుకున్న మిఖాయిల్ బరిష్నికోవ్ కూడా 1974లో కెనడా పర్యటనలో ఉండగా వెనక్కి వెళ్లలేదు. ఒకే గురువు చేతిలో తయారైన ఇద్దరు గొప్ప శిష్యులూ దేశం దాటారు. రెండోవాడు దాటేటప్పటికి గురువుగారు లేరు.

హీరో ఇంత పొగరుబోతేంటి? ఇతన్ని మనం ఎందుకు ఇష్టపడాలి?

అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది, సాధారణంగా కోపంగా అడుగుతారు. రెస్టారెంట్ సన్నివేశం తర్వాత మరీను. తనని పల్లెటూరివాడిలా చూశాడని వెయిటర్ మీద అనుమానపడి, సాయం చేస్తున్న ప్యారిస్ స్నేహితురాలు క్లారాని అందరిముందూ చులకన చేస్తాడు. సినిమా అతన్ని వెనకేసుకు రాదు. నిజం నురేయెవ్ నోటిదురుసుకి చాలామంది సాక్షులున్నారు.

నాకు తోచింది చెబుతాను. అతనిది పొగరుకంటే ముందు ఆకలి. యుద్ధకాలంలో ఉఫాలో ఒకే గదిలో ఇంకో కుటుంబంతో కలిసి బతికారు, తిండికి కటకట. ఆ పిల్లాడు ఏడేళ్ల వయసులో ఉఫా థియేటర్లో మొదటిసారి బాలే చూశాడు. తల్లి దగ్గర ఉన్నది ఒక్క టికెట్టే. జనం తోపులాటలో పిల్లలందరినీ లోపలికి నెట్టేసింది. అలా దొంగచాటుగా లోపలికి వచ్చినవాడికి, తనని ఎవరో ఏ క్షణమైనా చెవి పట్టుకుని బయటికి లాగేస్తారన్న భయం పోదు. వెయిటర్ మామూలుగా చూసినా అతనికి అది టికెట్ అడిగినట్టే ఉంటుంది. ఇష్టపడమని నేను అనను. రెస్టారెంట్లో అతని కళ్లు చూడండి, మాటలు కాదు.

పదిహేడేళ్లకి మొదలుపెడితే అంత ఆలస్యమా?

లెనిన్‌గ్రాడ్ బడిలో పిల్లల్ని తొమ్మిది, పదేళ్ల వయసులోనే చేర్చుకుంటారు. తుంటి కీళ్లు, పాదాలు మెత్తగా ఉన్నప్పుడే వంచాలి. నురేయెవ్ ఉఫాలో కొంత నేర్చుకున్నా, 1955లో అక్కడ చేరేటప్పటికి 17 నిండాయి. మిగతావాళ్లు ఎనిమిదేళ్లలో నేర్చుకున్నది అతను మూడేళ్లలో మింగాడు, 1958లో బయటికొచ్చాడు. మొదట ఇచ్చిన గురువు తనకు సరిపోడని నిలదీసి మరీ తరగతి మార్పించుకున్నాడు. అందరూ దాన్ని తలబిరుసు అనుకున్నారు. తనకు టైము లేదని లెక్క తెలిసింది అతనొక్కడికే.

తండ్రికి కొడుకు నాట్యం అంటే ఎందుకంత కోపం?

తండ్రి హమెత్ సైన్యంలో రాజకీయ అధికారి. కొడుకు ఇంజినీరో డాక్టరో కావాలనుకున్నాడు. ఈ మాట అనగానే మా హాల్లో నవ్వులు వినబడతాయి, ఎందుకో మీకు తెలుసు. నాట్యం మగపిల్లాడి పని కాదన్నది ఇంకో బాధ. మగవాళ్లే సత్యభామ జడ వేసుకుని తరాలు గడిపిన కూచిపూడి పక్కన పెరిగినవాళ్లకు అది కొంచెం వింతగా తోస్తుంది. అడవిలో పిల్లాణ్ణి ఒంటరిగా వదిలేసే సన్నివేశం కల్పన కాదు, జీవితచరిత్రలో ఉన్నదే.

మాటిమాటికీ పెయింటింగుల ముందు నిలబడతాడేంటి?

ఆ పిచ్చి నిజంగానే ఉండేది. సినిమాలో రెండు బొమ్మలు ముఖ్యం. ప్యారిస్ లూవ్ర్‌లో పొద్దున్నే ఎవరూ రాకముందు వెళ్లి చూసేది జెరికో వేసిన ‘మెడూసా తెప్ప’. దాదాపు ఐదు మీటర్ల ఎత్తు, ఏడు మీటర్ల వెడల్పు. ఓడ ఇసుకమేటలో చిక్కుకుపోతే తెప్పమీద మిగిలినవాళ్లు, శవాల మధ్య నుంచి దూరాన ఉన్న ఇంకో ఓడకి గుడ్డ ఊపుతుంటారు. లెనిన్‌గ్రాడ్ హెర్మిటేజ్‌లో చూసేది రెంబ్రాంట్ వేసిన ‘తప్పిపోయిన కుమారుడు’. ఇల్లు వదిలి పోయినవాడు చితికిపోయి తిరిగొచ్చి తండ్రి కాళ్ల దగ్గర మోకరిల్లాడు. వాడి ఎడమ కాలి చెప్పు జారిపోయింది, అరికాలు మనవైపు తిరిగి ఉంది. నల్లగా, అరిగిపోయి. కెమెరా అక్కడ ఆగినప్పుడు మీరూ ఆగండి. కాళ్లమీద బతికేవాడు చూస్తున్న బొమ్మ అది.

ప్యారిస్‌లో వేసిన నాట్యంలో మన ఇండియా వేషం ఎందుకుంది? తలపాగా, ఈకా...

అది ‘లా బయదేర్’ అనే బాలే. మారియుస్ పెటిపా కూర్చగా 1877లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మొదట ఆడారు, సంగీతం మింకుస్‌ది. కథ ఇండియాలో జరుగుతుంది. నికియా గుడిలో నాట్యం చేసే దేవదాసి, సొలోర్ ఆమెను ప్రేమించి మోసం చేసే వీరుడు. బయదేర్ అనే మాట పోర్చుగీసువాళ్లు మన దేవదాసీలకు పెట్టిన పేరు నుంచి వచ్చింది. మనం చూస్తే ఆ పేర్లూ వేషాలూ నవ్వు తెప్పిస్తాయి. పాముల బుట్టలు, ఫకీర్లు, పులుల వేట, దూరం నుంచి ఊహించుకున్న దేశం. కానీ 1838లో పుదుచ్చేరి ప్రాంతం నుంచి నిజం దేవదాసీల చిన్న బృందం ఒకటి ప్యారిస్ వెళ్లి ఆడింది. వాళ్ల ఆట చూసిన ఊరి రచయితల నుంచే ఇలాంటి కథలకు ఊపు వచ్చింది. 1961 మేలో అదే ఊళ్లో ఒక తాతార్ కుర్రాడు సొలోర్‌గా ఎగిరినప్పుడు ప్యారిస్ నోరు తెరిచింది. ఆ రాత్రి తర్వాత ఎక్కడికెళ్లినా అతన్ని పిలిచేవాళ్లే, వెనకాల కాపలా కాసేవాళ్లే.

ఆ బొమ్మ రైలు గొడవేంటి?

నురేయెవ్ 1938 మార్చి 17న నడుస్తున్న రైల్లో పుట్టాడు, ఇర్కుట్స్క్ దగ్గర, ట్రాన్స్ సైబీరియన్ లైను మీద. వ్లాదివోస్తోక్‌లో ఉన్న తండ్రి దగ్గరికి తల్లి, అక్కలు వెళుతున్నారు. బొమ్మ రైళ్లంటే అతనికి చివరిదాకా మోజే. ప్యారిస్ షాపులో కొనే దృశ్యంలో పిల్లాడి ముఖం ఒక్క క్షణం బయటపడుతుంది.

క్లారా అతని ప్రియురాలా? మరి తేజా ఎవరు?

క్లారా సెయింట్ చిలీ నుంచి వచ్చి ప్యారిస్‌లో స్థిరపడిన ధనిక కుటుంబం అమ్మాయి. స్నేహితురాలే, ప్రియురాలు కాదు. ఆమె పెళ్లాడాల్సిన విన్సెంట్, ఫ్రాన్స్ మంత్రి ఆంద్రే మాల్రో కొడుకు, ఆ 1961 మే నెలలోనే కారు ప్రమాదంలో చనిపోయాడు. ఆ దుఃఖంలో ఉన్న అమ్మాయి అని గుర్తుంటే ఆమె మౌనం అర్థమవుతుంది. తేజా క్రెమ్కే లెనిన్‌గ్రాడ్‌లో చదువుకోవడానికి వచ్చిన తూర్పు జర్మనీ కుర్రాడు. ఇద్దరి మధ్య ప్రేమ ఉంది. సినిమా దాన్ని దాచదు, దండోరా వెయ్యదు.

## విమానాశ్రయం దగ్గర

అసలు ఆ రోజు ఏం జరిగింది? గెంతి పారిపోయాడని చదివానే?

గెంతలేదు. ‘స్వేచ్ఛలోకి దూకాడు’ అని పేపర్లు రాసేసరికి కంచె దూకినట్టు ఒక కథ తయారైంది. జరిగింది నడక, అదీ నాలుగు అడుగులు.

బృందం ప్యారిస్‌లో ఆటలు ముగించి లె బూర్జే విమానాశ్రయం నుంచి లండన్ వెళ్లాలి. లైనులో నిలబడ్డాక, నువ్వు లండన్ రావడం లేదు, మాస్కో వెళ్లి క్రెమ్లిన్‌లో ఆడాలి అని నురేయెవ్‌కి చెప్పారు. అమ్మకి ఒంట్లో బాగోలేదని కూడా అన్నారు. సామాన్లు మాత్రం లండన్ విమానంలోకి పోయాయి. అతనికి వెంటనే అర్థమైంది. ఈ విమానం ఎక్కితే ఇక జన్మలో ఇంకో విమానం ఎక్కనివ్వరు. వీడ్కోలు చెప్పడానికొచ్చిన ఫ్రెంచి నర్తకుడు పియెర్ లకోత్ అధికారుల్ని బతిమాలాడు, ఫలితం లేదు. క్లారాకి కబురెళ్లింది. ఆమె వచ్చి చూసి, పై అంతస్తులో ఉన్న పోలీసుల దగ్గరికి వెళ్లింది.

మఫ్టీలో ఇద్దరు పోలీసులు కిందికి వచ్చి బార్ దగ్గర నిలబడ్డారు. క్లారా వీడ్కోలు ముద్దు పెడుతున్నట్టు దగ్గరికెళ్లి, వాళ్ల దగ్గరికి నువ్వే వెళ్లాలి అని చెవిలో చెప్పింది. వెళ్లాడు. కేజీబీ (సోవియట్ రహస్య పోలీసు) మనుషులు పట్టుకోబోతే, ఇది ఫ్రాన్స్ అని పోలీసులు అడ్డుపడ్డారు.

సినిమాలో ఈ భాగం గురించి ఎంత చెప్పినా తక్కువే. సంగీతం హోరెత్తదు, తుపాకులుండవు. కప్పులో చల్లారుతున్న కాఫీ, బెంచీ, రెండు వైపులా కూర్చున్న మనుషులు. నాట్యంలో గాల్లో తేలేవాడికి అక్కడ కాలు కదపడం ఎంత బరువో కనబడుతుంది. ఏం జరగబోతోందో తెలిసి కూడా మూడుసార్లూ నా అరచేతులు చెమటలు పట్టాయి.

పోలీసులే వెళ్లి తీసుకొచ్చెయ్యొచ్చుగా? అన్ని నాటకాలెందుకు?

వాళ్లు లాక్కొస్తే అది కిడ్నాప్ అని సోవియట్ ప్రభుత్వం గోల చేస్తుంది. మనిషి తన ఇష్టంతో, తన కాళ్లమీద వచ్చి అడిగితేనే అది ఆశ్రయం. అప్పటి రోజులు అలాంటివి. రెండు నెలల క్రితమే గగారిన్ అంతరిక్షంలోకి వెళ్లాడు, ఇంకో రెండు నెలలకి బెర్లిన్ గోడ లేచింది. ఇలాంటి సమయంలో ఎవరు ఎవర్ని ముట్టుకున్నారన్నది దేశాల మధ్య లెక్క.

రెండు తలుపుల గది నిజమా, సినిమావాళ్ల కల్పనా?

నురేయెవ్ తన ఆత్మకథలో చెప్పిందే. సంతకం పెట్టే ముందు కాసేపు ఒంటరిగా ఆలోచించుకోవాలని నియమం. గదికి రెండు తలుపులు. ఒకటి మళ్లీ రష్యన్ విమానం వైపు, ఇంకొకటి పోలీసుల గది వైపు.

ముందే పథకం వేసుకున్నాడా?

విమానాశ్రయానికి లండన్ వెళ్లడానికే వచ్చాడు, సామాను కూడా అలాగే పంపాడు. రాత్రుళ్లు ఫ్రెంచి స్నేహితులతో తిరగొద్దని చెప్పినా తిరిగినందుకు అతన్ని వెనక్కి పంపాలనుకున్నారు. ఆ పిలుపే అతన్ని అటు నెట్టింది. వాళ్లు లండన్ వెళ్లనిచ్చి ఉంటే ఏమయ్యేదో గానీ, ఆ రోజైతే ఉండిపోయేవాడు కాదు.

దీన్ని ‘ఫిరాయింపు’ అనొచ్చా?

నిఘంటువు ప్రకారం అనొచ్చు. కానీ మన పేపర్లు చదివేవాళ్లకు ఫిరాయింపు అంటే కండువా మార్చిన ఎమ్మెల్యే కళ్లముందుకొస్తాడు. రష్యన్‌లో దీనికి వాడే మాటకు అర్థం ‘తిరిగి రానివాడు’. నాకు అది నచ్చింది, అదే వాడుతున్నాను.

## చూశాక

తర్వాత ఏమయ్యాడు? సినిమా చటుక్కున ఆపేశారే?

వారం తిరక్కుండా జూన్ 23న ప్యారిస్‌లోనే మార్కీ ద క్వేవాస్ బృందంతో రంగం ఎక్కాడు. 1962 ఫిబ్రవరి 21న లండన్‌లో బ్రిటన్ బాలే తార మార్గో ఫాంటేన్‌తో ‘జిజెల్’ అనే బాలే ఆడాడు. ఆమెకి 42, అతనికి 23. రిటైర్ అవుతుందనుకున్న ఆమె, ఇతని జతలో ఇంకో పదిహేనేళ్లకు పైగా ఆడింది. 1983 నుంచి 1989 దాకా ప్యారిస్ ఒపెరా బాలేకి డైరెక్టరు. ఎయిడ్స్‌తో 1993 జనవరి 6న చనిపోయాడు, 54 ఏళ్లకి. ఇదంతా తియ్యాలంటే ఇంకో నాలుగు సినిమాలు కావాలి.

వెనక మిగిలినవాళ్ల గతి?

సినిమా మొదలయ్యేదే దానితో. పుష్కిన్ గారిని కూర్చోబెట్టి ప్రశ్నిస్తుంటారు. శిష్యుడికి రాజకీయం తెలీదు, తెలిసింది నాట్యమే అన్నది ఆయన సమాధానం. నురేయెవ్ పరోక్షంలోనే విచారణ జరిపి దేశద్రోహం కింద ఏడేళ్ల శిక్ష వేశారు. ప్యారిస్‌లో అతనితో ఒకే గదిలో ఉన్న యూరి సొలొవ్యోవ్ కూడా గొప్ప నర్తకుడే. వెనక్కి వెళ్లాడు, లెనిన్‌గ్రాడ్‌లోనే ఆడాడు, 1977లో తుపాకి గాయంతో చనిపోయి కనబడ్డాడు. ఆ పాత్ర సెర్గేయ్ పొలూనిన్ వేశాడు. మాటలు తక్కువ, కానీ ఈ సంగతి తెలిశాక రెండోసారి చూస్తే కళ్లు అతని మీదే ఉంటాయి.

తల్లిని మళ్లీ చూశాడా?

ఒకేసారి. 26 ఏళ్ల తర్వాత, 1987 నవంబరులో, గోర్బచెవ్ ప్రభుత్వం రెండు రోజులకి అనుమతి ఇచ్చింది. ఉఫా వెళ్లేసరికి తల్లి ఫరీదా మంచంలో ఉంది, కొడుకుని గుర్తుపట్టే స్థితిలో దాదాపు లేదు. కొద్ది నెలలకే పోయింది. ఒక్క టికెట్టుతో లోపలికి నెట్టిన తల్లి, అతను రంగం మీద వెలిగినదేదీ విదేశంలో చూడలేదు.

హీరో నటుడా, డాన్సరా?

డాన్సరే. ఒలెగ్ ఇవెంకో కజాన్‌లోని తాతార్ ఒపెరా బాలే థియేటర్ నర్తకుడు, ఇంతకుముందు నటించలేదు. నటుడికి బాలే నేర్పడం ఆర్నెల్ల పని కాదు కాబట్టి, నర్తకుడికి నటన నేర్పారు. కొన్ని చోట్ల మొహం బిగుసుకుపోయినట్టు ఉంటుంది, ఒప్పుకోవాలి. కాళ్లు చూపించేటప్పుడు మాత్రం కెమెరా కత్తిరించి మోసం చెయ్యక్కర్లేకపోయింది.

ఇలాంటిదే ఇంకో సినిమా చెప్పండి.

‘మావోస్ లాస్ట్ డాన్సర్’, 2009, దర్శకుడు బ్రూస్ బెరెస్‌ఫర్డ్. చైనాలో చింగ్‌డావ్ దగ్గరి పల్లెలో, ఏడుగురు అన్నదమ్ముల్లో ఆరోవాడైన లీ చున్‌షిన్ కథ. 11 ఏళ్లకి బీజింగ్ నాట్యబడికి ఎంపికయ్యాడు, 1981లో అమెరికాలోని హ్యూస్టన్‌లో ఉండిపోతానంటే చైనా కాన్సులేట్‌లో 21 గంటలు నిర్బంధించారు. అతని ఆత్మకథలో తండ్రి చెప్పే కథ మనకి బాగా తెలిసిందే, నూతిలో కప్ప. ఇది ఏడిపించే సినిమా, ‘ద వైట్ క్రో’ ఏడవనివ్వని సినిమా. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడాలంటే ‘మావోస్ లాస్ట్ డాన్సర్’ మేలు.

నురేయెవ్ సమాధి మీద తివాచీ పరిచి ఉన్న ఫోటో చూశాను. వానకి తడవదా?

తడుస్తుంది, ఏమీ కాదు. అది గుడ్డ కాదు. ప్యారిస్ శివారులో సెంట్ జెనివియెవ్ దే బ్వా అనే చోట రష్యన్ల శ్మశానం ఉంది, అక్కడ. పాత తివాచీలంటే అతనికి పిచ్చి, ఇల్లంతా పోగేసేవాడు. అందుకని స్నేహితుడు, రంగాలంకరణ చేసే ఎజియో ఫ్రిజేరియో చిన్నచిన్న రంగు ముక్కలు అతికించి, పెట్టె మీద జారిన తివాచీలా మడతలతో సహా మొజాయిక్ చేయించాడు. దగ్గరికెళ్లి వేలితో తాకితే గానీ గుడ్డ కాదని తెలియదంటారు.